మట్టికిచ్చిన డబ్బా

“మేం పెట్టింది నునుపుదే మేడమ్,” అన్నాడు డాక్టర్ కిరణ్.

పద్మప్రియ ఆ మాట అడగలేదు. ఆమె అడిగింది పామిడి ఫరీదా ఎలా చనిపోయిందని. ఒకప్పుడు డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌గా ఈ జిల్లాలో మందుల షాపులూ గోడౌన్లూ గాలించిన మనిషి ఆమె. పైవాళ్ళు ఒక ఫైలు మూసెయ్యమంటే ఉద్యోగాన్నే వదిలేసి, అనంతపురంలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. అడగని ప్రశ్నకు జవాబిచ్చేవాడు దేనికో భయపడుతున్నాడని ఆమెకు అనుభవం మీద తెలుసు.

“నునుపా గరుకా అని నేనడగలేదే డాక్టర్ గారూ.”

కిరణ్ నవ్వాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ నర్సింగ్ హోమ్ పెట్టి పేరూ మేడలూ సంపాదించినవాడు, నవ్వడం బాగా వచ్చు. “ఇంటర్నెట్‌లో నాలుగు ముక్కలు చదివి అందరూ అదే అడుగుతున్నారు కదండీ. అందుకని ముందే చెప్పా.”

ఆ నాలుగు ముక్కలే పద్మప్రియను మూడు రోజులుగా నిద్రపోనివ్వడం లేదు. క్యాన్సర్ వచ్చి రొమ్ము తీసేసిన ఆడవాళ్ళకు సిలికాన్ ఇంప్లాంట్ పెట్టి రూపం తిరిగి తెస్తామని ఆరేళ్ళ కిందట కిరణ్ ఉచిత క్యాంపు పెట్టాడు. ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు వచ్చారు, దండాలు పెట్టి పోయారు. ఇంప్లాంట్లలో రెండు రకాలు. పైపొర నునుపుగా ఉండేది ఒకటి, గరుకుగా ఉండేది మరొకటి. గరుకుది పెట్టిన చోటి నుంచి జరగదని డాక్టర్లు ఇష్టపడేవారు. కానీ ఏళ్ళు గడిచాక, అందరికీ కాకపోయినా, కొందరికి ఆ గరుకు ఇంప్లాంట్ చుట్టూ ఒక అరుదైన క్యాన్సర్ పుడుతుందని తేలింది. లింఫోమా అంటారు. రొమ్ములో పుట్టదు, ఇంప్లాంట్ చుట్టూ ఒళ్ళు అల్లుకునే పొరలో పుడుతుంది. ఒక విదేశీ కంపెనీ తన గరుకు సరుకును ప్రపంచమంతటి నుంచీ వెనక్కి పిలిపించుకుంది. కిరణ్ క్యాంపు పెట్టింది సరిగ్గా ఆ తర్వాతే. వెనక్కి పోవలసిన సరుకు ఎవడో ఇతనికి అమ్మాడని పద్మప్రియ అనుమానం. అనుమానానికి మాత్రం సాక్ష్యం లేదు.

“ఫరీదాకు వాపు వచ్చింది. మీరు సూదితో నీళ్ళు తీశారు. ఎన్నిసార్లు?”

“రెండు మూడు సార్లు.”

“ఏ ల్యాబ్‌కు పంపారు?”

“ఇన్‌ఫెక్షన్ నీళ్ళకు ల్యాబ్ ఎందుకండీ? యాంటీబయాటిక్ ఇచ్చాం.”

“అంటే సింకులో పోశారు.”

కిరణ్ నవ్వు కొంచెం సన్నబడింది. పద్మప్రియకు ఒళ్ళు మండిపోతోంది. ఆ నీళ్ళలో ఒక్క చెంచాడు పరీక్షకు పంపి ఉంటే ఏ జబ్బో తేలిపోయేది. తొందరగా పట్టుకుని, పొరను ఎక్కడా చిరగకుండా ఇంప్లాంట్‌తో సహా తీసేస్తే చాలామంది బతికి బట్టకడతారు. అలా బతకవలసిన ఫరీదాను ఈ మనిషి మాత్రలు మింగించి చంపాడు.

“చివరికి ఇంప్లాంట్ తీసేశారు కదా. అది ఎక్కడ?”

“బెంగళూరు ల్యాబ్‌కు పంపాం. పాత క్యాన్సరే తిరగబెట్టిందని రిపోర్ట్ వచ్చింది.”

“ఆ రిపోర్ట్ చూపించండి.”

“పోయిన నెల మా స్టోర్‌రూమ్ కాలిపోయింది. షార్ట్ సర్క్యూట్. సీఐ ఓబులేష్ గారిని అడగండి.” కిరణ్ లేచి నిలబడ్డాడు. “ఇంకొక మాట. ఇంద్రాణి గారిని ఊరికే భయపెట్టకండి. సాయంత్రం వస్తున్నారు, నీళ్ళు తీసి పంపిస్తాను. ఆవిడకు మీ మీద కన్నా నా మీదే నమ్మకం.”

అది మాత్రం నిజం. పద్మప్రియకు కోపం తెప్పించిందీ అదే.

గుంతకల్లులో రైల్వే బుకింగ్ క్లర్కు ఇంద్రాణి. అదే క్యాంపులో, అదే చేతుల మీదుగా ఇంప్లాంట్ పెట్టించుకుంది. ఇన్నేళ్ళకు, ఈ నెల రోజుల్లో ఎడమవైపు వాచి జాకెట్టు పట్టకుండా పోయింది. ఫరీదా సంగతి చెవిన పడి పద్మప్రియ దగ్గరికి వచ్చింది కానీ, డాక్టరును అనుమానించడానికి ఆమెకు మనసొప్పలేదు. “నాకు మళ్ళా అద్దం చూసుకునే ధైర్యమిచ్చినాడక్కా ఆయన. మా ఇంటాయన కూడా ఇయ్యలేదు ఆ ధైర్యం. సాయంత్రం లోపల నువ్వు ఏదన్నా కండ్లకు చూపిచ్చు. లేదంటే ఆయన దగ్గరికే పోతా,” అని తేల్చి చెప్పింది. ఏ రకం పెట్టారో రాసి కిరణ్ ఇచ్చిన ఆమె కార్డు మీద కూడా నునుపుది అనే ఉంది. ఇంకెవరైనా డాక్టరు ఆ కార్డు చూసి, ఈ జబ్బుకు అవకాశం లేదులే అని పంపించేస్తాడు. కాబట్టి కార్డు అబద్ధమని ఈ రోజే తేలాలి.

పద్మప్రియ కారు పామిడి వైపు తిప్పింది. కిరణ్ మాటల్లో ఒకచోట ఆమెకు పట్టు దొరికింది. బెంగళూరుకు పంపాం అన్నాడు. ఈ చిన్న నర్సింగ్ హోముల్లో ల్యాబ్‌కు పంపేవాళ్ళెవరూ ఉండరు. ఆపరేషన్‌లో తీసిన ముక్కను కుళ్ళిపోకుండా మందునీళ్ళ డబ్బాలో వేసి, మూత పెట్టి, బయట కూర్చున్న ఇంటివాళ్ళ చేతికిస్తారు. బస్సులోనో రైల్లోనో ఒళ్ళో పెట్టుకుని మోసుకుపోవలసింది వాళ్ళే. ఫరీదా డబ్బా మోసిన మనిషి ఎవరో కనుక్కుంటే చాలు.

ఫరీదా భర్త జమాల్ సాబ్ పామిడిలో నైటీలు కుట్టించే వ్యాపారం చేస్తాడు. ముందు గదిలో మూడు మిషన్లున్నాయి, ఒకదాని మీద గుడ్డ కప్పి ఉంది. అది ఫరీదాదని ఎవరూ చెప్పనక్కరలేదు. జమాల్ సాబ్ తల్లి ఫాతిమాబీ తలుపు పక్కన చాప మీద కూర్చుని బొత్తాలు కుడుతోంది.

“బెంగళూరా?” అన్నాడు జమాల్ సాబ్, ఆశ్చర్యపోయి. “యాడి బెంగళూరమ్మా. డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, దీనికి ల్యాబూ గీబూ ఏమొద్దు, ఊరికే దుడ్లు దండగ, దావలో యాడన్నా పారేసిపో అన్నాడు డాక్టరు.”

పద్మప్రియ ముందుకు వంగింది. “పారేసినావా?”

జవాబు ఫాతిమాబీ చెప్పింది. “ఏమమ్మా, మా కోడలి ఒంట్లోది, చెత్తకుండీలో ఏస్తామా? మాలో గోరు తీసినా, ఎంటిక ఊడినా మట్టికిస్తాం. అంత ముక్క కోసి ఇస్తే పారేస్తామా? తెల్లగుడ్డలో చుట్టి ఖబరస్తాన్‌లో పూడ్చిపెట్టి వచ్చినాడు నా కొడుకు.”

రికార్డులు కాల్చాడు, కార్డుల మీద అబద్ధాలు రాశాడు, అంతా చక్కగా సర్దుకున్నాడు కిరణ్. పేదవాళ్ళు కదా, పారెయ్యమంటే పారేస్తారనుకున్నాడు. ఇన్నేళ్ళు ఈ మనుషుల ఒళ్ళు కోసి బతికినా, ఆ ఒళ్ళంటే వాళ్ళకు ఎంత గౌరవమో వాడికి తెలియలేదు.

“గుడ్డలో చుట్టినప్పుడు డబ్బా మూత తీసినావా జమాల్ సాబ్?”

“లేదమ్మా. మందునీళ్ళు చేతికి తగిలితే మంట అనింది నర్సమ్మ. డబ్బాతోనే పూడ్చినా.”

అంటే మందునీళ్ళు డబ్బాలోనే ఉన్నాయి. పొర కుళ్ళిపోయి ఉండదు.

“ఈ సంగతి ఇంకెవరికన్నా చెప్పినావా?”

జమాల్ సాబ్ తల్లి వైపు చూశాడు. “ఫరీదా పోయిన వారానికి ఆసుపత్రి కాంపౌండర్ వచ్చినాడు. ఆ డబ్బా ఉంటే ఇయ్యి, ఏదో పరీక్ష చేస్తారంట అన్నాడు. మట్టికిచ్చింది మళ్ళా తీయకూడదప్పా అని చెప్పి పంపిచ్చినా.”

మనిషి బతికుండగా అక్కరలేని పరీక్ష, చచ్చిపోయాక అవసరమైందట. పద్మప్రియ అడగవలసింది ఇంకొకటి ఉంది, అడగడం కష్టం.

“అమ్మా, మీరు తీయకూడదంటే నేను ఇట్లే వెనక్కి పోతా. కానీ గుంతకల్లులో ఇంకో ఆడమనిషికి అదే పక్క, అదే వాపు ఉండాది. ఈ పొద్దు సాయంత్రం ఆమె నీళ్ళు కూడా సింకులో పోస్తాడు.”

ఫాతిమాబీ సూది గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. “ఆఖరి దినాల్లో నా కోడలు ఒకటే అడిగేది. నేనేం తప్పు చేసినా అత్తా, ఎందుకు మళ్ళా వచ్చింది ఇది అని. తిండి తప్పా, నీళ్ళు తప్పా, నమాజ్ తప్పిందా అని ఏడ్చేది. నాకేం తెలుసు, ఏం చెప్పేది?” ఆమె గొంతులో దుఃఖం కన్నా కోపమే ఎక్కువగా ఉంది. “దాని తప్పు లేదని ఆ డబ్బా చెప్పేటట్టుంటే తవ్వు జమాల్. పైవాడు అడిగితే నేను చెప్పుకుంటా.”

ఖబరస్తాన్ ఊరి చివర, పెన్నా ఇసుక వైపు ఉంది. ఫాతిమాబీ గోడ బయటే ఆగిపోయింది. “మాలో ఆడోళ్ళం లోపలికి రాము. నువ్వు పో, నీది వేరే పని,” అంది పద్మప్రియతో.

జమాల్ సాబ్ పార భుజాన వేసుకుని ముందు నడిచాడు. ఫరీదా గోరీ దగ్గరికి వచ్చేసరికి పార కింద పడేశాడు. గోరీ కాళ్ళ వైపూ, కుడి పక్కా ఎవరో మట్టి తోడి మళ్ళీ కప్పారు. కప్పింది కూడా సరిగ్గా కప్పలేదు.

“ఎవుడురా ఈ పని చేసింది?” జమాల్ సాబ్ అరిచాడు.

“ముట్టుకోవద్దు జమాల్ సాబ్. ఉండు.” పద్మప్రియ మోకాళ్ళ మీద కూర్చుంది. తోడిన మట్టి మీద సన్నసన్నటి గుంటలు, ఎండి పెళుసెక్కి ఉన్నాయి. వాన చినుకులు పడిన గుర్తులు. ఈ కరువు సీమలో ఎప్పుడు వాన పడిందో ఎవరినీ అడగనక్కరలేదు, అందరూ దాని గురించే మాట్లాడుకుంటారు. ఈ నెలంతా కలిపి పోయిన ఆదివారం నాలుగు చినుకులు రాలాయి, అంతే. అంటే ఆదివారానికి ముందే ఎవరో వచ్చి తవ్విపోయారు. ఆమె ఫోన్‌తో ఫోటోలు తీసింది. “డబ్బా పోయినట్టేనా?” అని తనలో తనే గొణుక్కుంది.

“ఈడెందుకుంటాదమ్మా?” అన్నాడు జమాల్ సాబ్ కండ్లు తుడుచుకుంటూ. “డబ్బా పూడ్చిన పొద్దు నా ఫరీదా బతికే ఉండె. ఆమెకు గోరీ యాడిది అప్పుడు? మా నాయన పక్కన పూడ్చినా.”

తవ్వినవాడు ఆ సంగతి ఆలోచించలేదు. ఫరీదా ముక్క ఫరీదా పక్కనే ఉంటుందనుకుని, ఆమె గోరీని కెలికిపోయాడు. ఆసుపత్రిలో సగం చంపినవాళ్ళు మట్టిలో కూడా ఆ మనిషిని ప్రశాంతంగా పడుకోనివ్వలేదు.

నాలుగు వరసల అవతల, తండ్రి గోరీ తలవైపు జమాల్ సాబ్ పారతో మట్టి లాగాడు. మూరెడు లోతున తెల్లగుడ్డ కనబడింది. అతను పార పక్కన పెట్టి, చేతులతో డబ్బా తీసి, పక్కన కూర్చున్న పద్మప్రియకిచ్చాడు. సరిగ్గా అప్పుడే గోడ బయట జీపు ఆగింది.

సీఐ ఓబులేష్ ఒక్కడే దిగి లోపలికి వచ్చాడు. ఒకప్పుడు నకిలీ మందుల దాడుల్లో పద్మప్రియా అతనూ కలిసి తిరిగినవాళ్ళే. తర్వాత ఆమె ఉద్యోగం వదిలింది, అతను ప్రమోషన్ తీసుకున్నాడు. నర్సింగ్ హోమ్ స్టోర్‌రూమ్ కాలినప్పుడు ఒక్క పూటలో షార్ట్ సర్క్యూట్ అని రాసేసి కేసు మూసింది కూడా అతనే.

“ఏం మేడమ్, గోరీలు తవ్వే పని కూడా మొదలుపెట్టినావా?”

“ఏమప్పా ఓబులేషూ, స్టోర్‌రూమ్ కాలితే సాయంత్రం దాకా రాలేదు. ఈ పొద్దు ఇంత తొందరగా వచ్చినావే?”

“కంప్లైంట్ వచ్చినాది. గోరీ తవ్వి డబ్బా తీస్తాండారని. అది ఇట్లియ్యి, సీజ్ చేస్తా. నువ్వు స్టేషన్‌కు రా.”

పద్మప్రియ డబ్బాను గుండెలకు ఆనించుకుని లేచింది. “కంప్లైంట్ ఇచ్చింది ఎవరు?”

“నీకెందుకు?”

“కిరణ్ గదా. డబ్బా అనే మాట కిరణే చెప్పినాడా?”

“చెప్పినాడు. అయితే ఏం?”

“పొద్దున నా ముందర కూర్చుని ఈ డబ్బా బెంగళూరు ల్యాబ్‌కు పోయిందన్నాడు. రిపోర్టు కూడా వచ్చిందన్నాడు. బెంగళూరు పోయిన డబ్బా పామిడి మట్టిలో ఉండాదని ఆయనకు ఎట్ల తెలిసె?”

ఓబులేష్ చాచిన చెయ్యి దించాడు. పద్మప్రియ వదల్లేదు. “గోరీ తవ్వినోళ్ళ కోసం వచ్చినావు గదా, రా, చూపిస్తా. ఆ మూల చూడు. ఆ మట్టి మీద పోయిన ఆదివారం వాన గుర్తులుండాయి. నేను పామిడికి వచ్చింది ఈ పొద్దే. దాన్ని తవ్వింది ఎవరో పోయి మీ డాక్టరును అడుగు.”

“చూడు పద్మా,” ఓబులేష్ గొంతు పెంచాడు, “ఈ నోటితోనే నువ్వు ఉద్యోగం పోగొట్టుకునింది.”

“నేను పోగొట్టుకోలేదు. పారేసినా. నీ మాదిరి కాగితం మీద షార్ట్ సర్క్యూట్ అని రాసి నిద్రపోవడం నాకు చేతకాలేదు.” ఆమె సంచిలోంచి రబ్బరు తొడుగులు తీసి ఒక జత అతని మీదికి విసిరింది. “తొడుక్కో. ఫోన్‌లో వీడియో పెట్టు. పోలీసు ముందరే తీస్తా, రేపు కోర్టులో ఎవరూ నోరెత్తకూడదు.”

ఏమనుకున్నాడో ఓబులేష్ తొడుగులు తొడుక్కున్నాడు. జమాల్ సాబ్ అటు తిరిగి నిలబడ్డాడు. మూత తీయగానే మందునీళ్ళ ఘాటు ముక్కులో గుచ్చుకుంది. లోపల అరచేతి వెడల్పు సిలికాన్ ఇంప్లాంట్, దాని ఒక పక్కకు అంటుకుని చిరిగిన మందపాటి పొర.

“తాకు,” అంది పద్మప్రియ. “పొర లేనిచోట తాకు. నునుపా?”

ఓబులేష్ వేలు పెట్టి రుద్దాడు. తొడుగు మీద నుంచి కూడా తెలిసింది అతనికి. ఎమరీ కాగితం మీద రుద్దినట్టుంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“చెప్పు.”

“గరుకు,” అన్నాడు మెల్లగా.

“ఈమె కార్డు మీద నునుపు అని ఉండాది. ఇంద్రాణి కార్డు మీద కూడా అదే. అందరి కార్డుల మీద అదే. ఇంకా చూడు, ఈ పొర ఎట్ల చినిగి ఉండాదో. జబ్బు ఉండేది దీంట్లోనే. మొత్తం చెక్కుచెదరకుండా తీసుంటే ఫరీదా ఈ పొద్దు మిషన్ కుట్టుకుంటాండె. సగం పీకి సగం లోపలే వదిలినాడు. ఆ సగమే ఆమెను తినింది.” ఆమె డబ్బాను అతని ముందుకు జరిపింది. “నువ్వు షార్ట్ సర్క్యూట్ అని రాసిన పొద్దు ఫరీదా ఇంకా చావలేదు ఓబులేషూ. ఆ స్టోర్‌రూమ్ బూడిద నువ్వు ఒక్కసారి కెలికుంటే ఈ గరుకు సరుకు పెట్టెలు బయటపడేవి.”

ఓబులేష్ తల దించుకున్నాడు. గోడ బయట నుంచి ఫాతిమాబీ అడిగింది, “ఏమమ్మా, ఏం చెప్తాండాది డబ్బా?”

“నీ కోడలి తప్పు ఏమీ లేదమ్మా,” అని పద్మప్రియ గట్టిగా చెప్పింది. గోడ అవతల ముసలామె పెద్దగా ఏడవడం మొదలుపెట్టింది. చావు నాడు కూడా ఏడవలేదట ఆమె.

పద్మప్రియ డబ్బా మూత బిగించి, ఇంద్రాణికి ఫోన్ చేసింది. ఓబులేష్ వినాలని స్పీకర్ పెట్టింది. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి చాలాసేపు మోగాక ఇంద్రాణి గొంతు వినబడింది, బద్ధకంగా, సాగదీసినట్టుగా.

“అక్కా, నేనే చేద్దామనుకుంటి. డాక్టర్ గారు సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే రా అని కారు పంపిచ్చినాడు. నీళ్ళు తీసేది కాదంట అక్కా, లోపలిది తీసేసి కొత్తది పెడతాడంట. నునుపుది. చుట్టూ ఉండే పొర జోలికి పోను, చిన్న పనే అన్నాడు. ఒక్క పైసా వద్దన్నాడు.”

పొరను లోపలే వదిలి ఇంప్లాంట్ మాత్రం మారిస్తే, జబ్బు ఇంద్రాణి ఒంట్లోనే ఉంటుంది, సాక్ష్యం మాత్రం ఉండదు. రేపు ఎవరు కోసి చూసినా నునుపుదే కనబడుతుంది.

“ఇంద్రాణీ, విను. గరుకుదే పెట్టినాడు. నేను చేత్తో పట్టుకుని చూస్తాండా. ఆ మంచం దిగి బయటికి రా, ఇప్పుడే రా.”

“సూది ఏసినారక్కా... కాళ్ళు నావి కానట్టుండాయి...”

ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. తర్వాత కిరణ్ గొంతు, పొద్దున మాట్లాడినంత మర్యాదగానే ఉంది.

“మేడమ్, పేషెంట్‌ను థియేటర్‌లోకి తీసుకెళ్తున్నాం. పామిడిలో మీ పని అయిందా? అక్కడ పొరపాటు నాదే, ఒప్పుకుంటా. ఈసారి తీసింది ఇంటివాళ్ళ చేతికివ్వను.”

ఫోన్ కట్టయింది. ఓబులేష్ అప్పటికే జీపు వైపు పరుగెడుతున్నాడు, పద్మప్రియ డబ్బా పట్టుకుని అతని వెనకే పరుగెత్తింది. పామిడి నుంచి అనంతపురానికి ఎంత తోలినా అరగంట పడుతుంది. ఇంద్రాణికి మత్తు అంతకంటే ముందే ఎక్కుతుంది.